పుట్టినరోజుకి నాసిక్ ద్రాక్షతోటలు, ఆ వెంటనే ముంబై: నాలుగు రోజుల ట్రిప్పు వేసుకునే పద్ధతి

నాసిక్, ముంబై కలిపి వెళ్లొచ్చామని తెలిసిన దగ్గర్నుంచి ఒకటే ఫోన్లు. "మా ఆవిడ నలభయ్యో పుట్టినరోజు, రెండూ కుదురుతాయా?" అని ఒకరు. "అమ్మానాన్నలు కూడా వస్తామంటున్నారు, వైనరీకి తీసుకెళ్లొచ్చా?" అని ఇంకొకరు (వైనరీ అంటే వైన్ తయారుచేసే చోటు). ఫోనులో ముక్కలు ముక్కలుగా చెబితే ఎవరికీ సరిగ్గా అందడం లేదు. అందుకే వరసగా రాస్తున్నాను.

రెండుసార్లు చేశాక నాకు తేలింది ఇది: పుట్టినరోజు తేదీన ప్రయాణం పెట్టుకోకూడదు. రైలు, ఫ్లైట్, ఘాట్ రోడ్డు ఏవీ ఆ రోజు ఉండొద్దు. ముందు దాన్ని ఖాయం చేసుకుని, మిగతా రోజులను దాని చుట్టూ సర్దుకోండి. చాలామంది చౌకగా దొరికిన టికెట్‌తో మొదలుపెడతారు. చివరికి కొవ్వొత్తులు ఊదాల్సిన సాయంత్రం ముంబై దారిలో భివండీ ట్రాఫిక్‌లో ఉంటారు.

1. ముందు తేదీ, తర్వాత టికెట్లు

నాసిక్ వైపు తీగలను ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. కోతలయ్యాక ఏప్రిల్‌లో ఒకసారి, వానలు తగ్గుముఖం పట్టాక సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో రెండోసారి. పండు వచ్చేది ఈ రెండో కత్తిరింపు తర్వాతే. కోత జనవరి నుంచి మార్చి దాకా సాగుతుంది.

కాబట్టి గుత్తులు చూడాలంటే జనవరి, ఫిబ్రవరి వెళ్లాలి. పుట్టినరోజు ఆగస్టులో అయితే ఆకులు నిండుగా ఉంటాయి, కొండలు పచ్చగా ఉంటాయి, పండు మాత్రం ఉండదు. అక్టోబరులో అయితే కనిపించేవి దాదాపు మోడులే. వెళ్లొద్దని కాదు, ఫోటోల మీద ఆశ తగ్గించుకోండి. వైన్ ఏడాది పొడవునా ఒకేలా దొరుకుతుంది.

రెండోది డ్రై డే, అంటే మద్యం అమ్మకూడని రోజు. మా బావమరిది పుట్టినరోజు అక్టోబరు 2. గాంధీ జయంతి అని ఊళ్లో అందరికీ తెలుసు, టికెట్లు తీసిన నాకు తప్ప. బుక్ చేసినప్పుడు ఆ వైనరీవాళ్లు కూడా ఒక్క మాట అనలేదు. హైదరాబాద్ నుంచి అంత దూరం వెళ్లి, తోట ఎదురుగా కూర్చుని ఆరుగురం నిమ్మకాయ సోడాలు తాగి వచ్చాం. వాడు ఇప్పటికీ దెప్పుతూనే ఉంటాడు.

జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 గుర్తుంచుకోండి. వీటికి తోడు మహారాష్ట్రలో కొన్ని పండగలకూ డ్రై డే ఉంటుంది. పోలింగ్ ముగిసే గంటకు ముందు 48 గంటలు మద్యం అమ్మకూడదన్నది చట్టం. స్థానిక ఎన్నికల సమయంలో ఈ సంగతి బయటివాళ్లకి తట్టదు. బుక్ చేసే ముందు వైనరీకి ఫోన్ చేసి, "ఆ తేదీన టేస్టింగ్ (వైన్ల రుచి చూపించడం) ఉందా?" అని సూటిగా అడగండి. అదొక్కటే నమ్మకమైన దారి.

మూడోది వారం. శని, ఆదివారాల్లో ముంబై, పుణె జనమంతా నాసిక్ తోటల్లోనే ఉంటారు. అదే సమయంలో ముంబైలోని ఫోర్ట్ ఆఫీసుల వీధులు ఖాళీగా ఉంటాయి. మీరు తిరగేసి వెళ్లండి: గురు, శుక్ర నాసిక్‌లో; శని, ఆది ముంబైలో.

తేదీ ఖాయం చేసే ముందు:

- కోత నెలలా, కాదా?
- డ్రై డే కాదని వైనరీ చెప్పిందా?
- ఆ వారంలో అక్కడ ఎన్నికలున్నాయా?
- 2027లో నాసిక్ సింహస్థ కుంభమేళా. ఆ ఏడాది వెళ్తుంటే స్నానాల తేదీలకు దూరంగా ఉన్నారా?

2. నాలుగు రోజుల అమరిక

పుట్టినరోజు శుక్రవారం అనుకుందాం.

- గురువారం: నాసిక్ చేరడం. సాయంత్రం ఊళ్లోనే. కేకు తీసుకోవడం.
- శుక్రవారం: ఆలస్యంగా లేవడం, ఒక వైనరీ, మహా అయితే రెండు. రాత్రి భోజనం బసలోనే.
- శనివారం: పొద్దున్నే ముంబైకి. సాయంత్రం మెరైన్ డ్రైవ్, మంచి డిన్నర్.
- ఆదివారం: దక్షిణ ముంబై. రాత్రికి ఇంటిదారి.

పుట్టినరోజు శనివారమో ఆదివారమో పడితే నాసిక్‌ను ముందు ముగించి, కేకు ముంబైలో కోయండి. సోమ, మంగళవారాల్లో పడితే మాత్రం తిప్పేయండి: ముందు ముంబై, తర్వాత ఖాళీగా ఉన్న తోటలు.

మూడు రోజుల్లో అవుతుందా అని అడుగుతారు. అవుతుంది, కానీ అందులో సగం కారులోనే గడుస్తుంది. నేనైతే ముంబై వదిలేసి నాసిక్ ఒక్కటే చేస్తాను.

3. నాసిక్ చేరడం

హైదరాబాద్ నుంచి నేరుగా ఫ్లైట్ దొరికితే అదే మేలు. నాసిక్ విమానాశ్రయం ఓఝర్‌లో, ఊరికి దూరంగా ఉంటుంది. బయటికొచ్చాక కారు దొరుకుతుందిలే అనుకోకండి. బస చేసే చోటివాళ్లకి చెప్పి పంపించుకోండి.

రైలైతే సికింద్రాబాద్ మీదుగా వెళ్లే దేవగిరి ఎక్స్‌ప్రెస్ నాసిక్ రోడ్ స్టేషన్‌లో ఆగుతుంది. చిక్కల్లా అది దింపే వేళ, తెల్లవారకముందే. చాలా హోటళ్లు మధ్యాహ్నం దాకా గది ఇవ్వవు. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే ముందు రాత్రికి కూడా గది బుక్ చేసుకోండి. ఆ డబ్బు దండగ కాదు.

విజయవాడ, విశాఖ వాళ్లు ముంబైకి ఫ్లైట్‌లో దిగి, రోడ్డు మీద నాసిక్ వెళ్లి, తిరిగి ముంబైకి రావడం తేలిక.

నాసిక్ రోడ్ స్టేషన్ ఊరికి ఒక చివర, గంగాపూర్ తోటలు ఇంకో చివర. "నాసిక్‌లో దిగాం కదా, పది నిమిషాలు" అనుకుని టేస్టింగ్ బుక్ చేస్తే సమయం దాటిపోతుంది.

4. ఎటువైపు తోటలు?

తోటలన్నీ ఒకేచోట ఉండవు. స్థూలంగా మూడు దిక్కులు:

- గంగాపూర్ డ్యామ్ వైపు: సులా, యార్క్, సోమా. దగ్గరదగ్గరగా ఉంటాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకి ఇదే సులువు.
- ఇగత్‌పురి తాలూకా సంజేగావ్ వైపు: గ్రోవర్ జంపా, వాలోనే. జనం తక్కువ, కొండలు ఎక్కువ.
- దిండోరి వైపు: షాందో. బుడగల వైన్ కోసం వెళ్లేవాళ్లకి. ముందు మాట్లాడుకోకుండా వెళ్లొద్దు.

ఒక దిక్కు ఎంచుకుని అక్కడే ఉండండి. ఒకే రోజు మూడు దిక్కులూ చుట్టాలనుకోవడం నేను చూసిన తప్పుల్లో మొదటిది.

ఇంకో మాట. గంగాపూర్ డ్యామ్‌లో నిలిచిన నీళ్లు మన గోదావరివే. రాజమండ్రి దగ్గర అవతలి ఒడ్డు ఆనని నదిని ఇక్కడ ఇంత చిన్నగా చూస్తే మా అమ్మ నమ్మలేదు. "ఇదా?" అని రెండుసార్లు అడిగింది. సాయంత్రం అరగంట ఆ గట్టు వైపు ఉంచుకోండి.

5. తాగేవాళ్లు, తాగనివాళ్లు, గుడికి వెళ్లేవాళ్లు

తెలుగు కుటుంబంలో ఈ లెక్క ముందే తేల్చుకోకపోతే అక్కడ ముఖాలు మాడతాయి.

వైనరీ చూడటానికి తాగక్కర్లేదు. ట్యాంకులు, పీపాలు ఉన్న గదులు చూపించే టూర్‌కి అందరూ వెళ్లొచ్చు. టేస్టింగ్ టికెట్ మాత్రం తాగేవాళ్లకే తీసుకోండి. పదిమందికీ కట్టేసి, ఆరుగురు గ్లాసులు పక్కకు జరిపితే డబ్బులు వృథా. టేస్టింగ్‌కి వయసు చూస్తారు కాబట్టి ఆధార్ దగ్గర ఉంచుకోండి. మహారాష్ట్రలో బీరుకి 21 ఏళ్లు, విస్కీ లాంటి వాటికి 25 ఏళ్లు నిండాలి. బిల్లులో ఒకరోజు పర్మిట్ అని ఐదు రూపాయల చీటీ కనిపిస్తే కంగారుపడకండి. అక్కడి మద్యనిషేధ చట్టం నాటి పద్ధతి అది.

పెద్దవాళ్లు త్ర్యంబకేశ్వరం అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. జ్యోతిర్లింగం, గోదావరి పుట్టిన బ్రహ్మగిరి అక్కడే కదా. నాసిక్ నుంచి దాదాపు 30 కిలోమీటర్లు. గురువారం పొద్దున్నే చేరుకోగలిగితే దాన్ని అప్పుడే పెట్టండి. గుడి, వైనరీ ఒకే రోజు వద్దు. క్యూ ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు, అది మీ టేస్టింగ్ సమయాన్ని మింగేస్తుంది. ఇంట్లో పట్టింపులు ఉంటే ఆ గొడవా ఉండదు.

6. టేస్టింగ్ రోజు, అడుగడుగునా

ముందురోజు రాత్రి కారు, డ్రైవర్ మాట్లాడుకోండి, వెళ్లడానికీ రావడానికీ. పొద్దున యాప్‌లో క్యాబ్ దొరికింది కదా అని వెళ్తే చీకటి పడ్డాక తోటల దగ్గర ఒక్క బండీ దొరకదు. మేము గంటన్నర గేటు దగ్గర నిలబడ్డాం. సొంత కారైతే తాగని మనిషి ఎవరో ముందే అనుకోండి. చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరమే. మొదటిసారికే పదివేల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, ఒక్కోసారి రెండూ.

పొద్దున టిఫిన్ గట్టిగా తినండి. నాసిక్‌లో మిసళ్ (కారంగా ఉండే మొలకల కూర) ఫేమస్, తినాల్సిందే, కానీ టేస్టింగ్‌కి ముందు కాదు. ఆ కారానికి నాలుక మొద్దుబారిపోతుంది. ఆవకాయ సీసా వెంట తెచ్చుకున్నవాళ్లకీ ఇదే మాట. సెంటు కొట్టుకోవద్దు, వాసన చూడటమే సగం పని.

టేస్టింగ్‌లో ఒక్కో రకం కొద్దికొద్దిగా, 30 మిల్లీలీటర్లు పోశారనుకోండి. తక్కువే అనిపిస్తుంది. ఆరు రకాలకి 180, అంటే మామూలు వైన్ గ్లాసు కంటే ఎక్కువ. రెండు వైనరీలు తిరిగితే లెక్క మీరే వేసుకోండి. నచ్చకపోతే ఉమ్మడానికి, పారబోయడానికి గిన్నె పెడతారు. మొహమాటం అక్కర్లేదు, అక్కడ అది మర్యాదే.

వరస ఇలా ఉంటే బాగుంటుంది: బుడగల వైన్, తెల్లది, గులాబీ రంగుది, ఎర్రది, చివర తీపిది. ఎర్రదాంతో మొదలుపెడితే తర్వాత తెల్లది నీళ్లలా అనిపిస్తుంది.

గ్లాసును కాడ దగ్గర పట్టుకోండి. కింద తెల్ల న్యాప్‌కిన్ పెట్టి, కాస్త వంచి రంగు చూడండి. రెండు చుట్లు తిప్పి ముక్కు లోపలికి పెట్టండి. తర్వాత చిన్న గుక్క, వెంటనే మింగకుండా నోరంతా తిప్పండి.

పోసేవాళ్లు ఇంగ్లిషులో వర్ణనలు చెబుతూ పోతారు. అర్థంకాలేదని బిక్కమొహం వేయకండి, మన నాలుకకు తెలిసిన మాటల్లో ఆలోచించండి. ఎర్ర వైన్‌లో చిగుళ్లు బిగుసుకున్నట్టు అనిపించేది వగరు. నేరేడు పండు తిన్నప్పుడు ఉంటుందే, అదే. సోవిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్‌లో పచ్చి క్యాప్సికమ్ వాసన, షిరాజ్ అనే ఎర్ర వైన్‌లో మిరియం ఘాటు పట్టుకోవచ్చు. మొదటిసారి తాగేవాళ్లకి షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ నచ్చుతుంది, కాస్త తీపి, వగరు ఉండదు. "వగరు తక్కువ ఉన్నది ఇవ్వండి" అని అడగడానికి వైన్ గురించి ఇంకేమీ తెలియక్కర్లేదు.

కోత నెలల్లో వెళ్తే ట్యాంకుల గది తలుపు తీయగానే ఒక వాసన వస్తుంది. దోసెల పిండి పొంగిన గిన్నె మూత తీసినట్టు, దానికి పండు తీపి కలిసినట్టు. ఆ గదిలో కాసేపు ఆగండి.

చేయకూడనివి రెండు: తీగ మీది పండు కోసి తినడం, ఎందుకంటే మందులు కొట్టి ఉండొచ్చు. వరసల మధ్యకి అడక్కుండా వెళ్లడం. వైన్ ద్రాక్ష ఎలాగూ చిన్నది, గింజ ఎక్కువ, మన బజారులో దొరికే ద్రాక్షలా ఉండదు.

7. కేకు, కొవ్వొత్తి, బుడగల సీసా

తోటల మధ్య ఉన్న రిసార్ట్‌కి అర్ధరాత్రి కేకు తెచ్చిపెట్టేవాళ్లు ఉంటారని ఆశపడకండి. గురువారం సాయంత్రం నాసిక్ ఊళ్లోనే కొని, బస ఫ్రిజ్‌లో పెట్టించండి. ఎగ్‌లెస్ కావాలంటే ముందురోజే చెప్పాలి. అగ్గిపెట్టె, లైటర్ ఫ్లైట్‌లో తీసుకెళ్లనివ్వరు, కాబట్టి కొవ్వొత్తులతో పాటు అవీ అక్కడే కొనండి. బెలూన్లు, రిబ్బన్లు ఇంటి నుంచి తెచ్చుకోవచ్చు. టపాసులా పేలే పేపర్ గొట్టాలు మాత్రం వద్దు, ఊడ్చేవాళ్ల తిట్లు పుట్టినరోజు మనిషికే తగులుతాయి.

ఇక బుడగల సీసా. సినిమాల్లోలా ఊపి పేల్చొద్దు. పద్ధతిగా చేసిన బుడగల వైన్ సీసాలో ఒత్తిడి కారు టైరులో ఉండేదానికి రెండు మూడు రెట్లు ఉంటుంది. ఎగిరిన బిరడా కంటికి తగిలితే నేరుగా ఆస్పత్రికే.

1. బాగా చల్లబడనివ్వండి. వెచ్చగా ఉంటేనే పొంగి పోతుంది.
2. రేకు తీసి, బొటనవేలు బిరడా మీద ఉంచి, తీగ గూడు వదులు చేయండి. సాధారణంగా ఆరు సగం చుట్లు.
3. సీసాను ఏటవాలుగా, మనుషులు లేని వైపు పట్టుకోండి.
4. బిరడాను గట్టిగా పట్టుకుని, సీసాను తిప్పండి. బిరడాను తిప్పకండి.
5. "ఢాం" కాదు, "ఉస్స్" అనాలి.

8. నాసిక్ నుంచి ముంబైకి

దూరం దాదాపు 170 కిలోమీటర్లు. మ్యాప్ ఏ సమయం చూపించినా నాలుగైదు గంటలు వేసుకోండి. కసారా ఘాట్‌లో కాదు, అది దిగాక భివండీ, ఠాణే దగ్గరే అసలు టైం పోతుంది. 2025 జూన్ నుంచి సమృద్ధి మహామార్గం (నాగ్‌పూర్-ముంబై ఎక్స్‌ప్రెస్‌వే) ఇగత్‌పురి దాటి భివండీ దగ్గరి ఆమనే వరకూ తెరిచారు, ఘాట్ తప్పించుకోవచ్చు. ఆ తర్వాతి ట్రాఫిక్ మాత్రం మామూలే. ఆదివారం సాయంత్రం ముంబైకి బయలుదేరడం అన్నిటికన్నా పెద్ద తప్పు. భివండీలో ఆగితే చుట్టూ తెలుగు వినిపించొచ్చు, మన వైపు నుంచి వలస వెళ్లిన పద్మశాలీ మరమగ్గాల కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి.

నా ఓటు రైలుకే. పొద్దున పంచవటి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నం భోజనానికి ముందే సీఎస్‌ఎంటీలో (దక్షిణ ముంబైలోని పెద్ద స్టేషన్) ఉంటారు. పాస్ హోల్డర్లతో కిటకిటలాడుతుంది కాబట్టి రిజర్వేషన్ ఉండాల్సిందే. ఇగత్‌పురి, కసారా మధ్య సొరంగాలు, లోయలు వస్తాయి. ఆ ముక్క నిద్రపోకండి.

9. ముంబైలో ఒకటిన్నర రోజు

బస కొలాబా, ఫోర్ట్, చర్చ్‌గేట్ ప్రాంతంలోనే తీసుకోండి. గది చిన్నదిగా ఉంటుంది, ధర పెద్దది. అయినా సరే. అంధేరీలో చవగ్గా దొరికిందని అక్కడ దిగితే రోజుకి మూడు గంటలు రోడ్డు మీదే.

శనివారం సాయంత్రం మెరైన్ డ్రైవ్ సూర్యాస్తమయం. చలికాలంలో ఆరు గంటలకల్లా గట్టు మీద ఉండాలి. డిన్నర్ టేబుల్ వారం ముందే బుక్ చేసి, పుట్టినరోజని చెప్పండి. బయటి కేకు అనుమతిస్తారో లేదో, దానికి విడిగా డబ్బు తీసుకుంటారో అప్పుడే అడగండి.

ఆదివారం పొద్దున ఫోర్ట్ వీధుల్లో నడక. తర్వాత గేట్‌వే ఆఫ్ ఇండియా నుంచి ఎలిఫెంటా గుహలకు పడవ, ఒకవైపే గంట. సోమవారం గుహలు మూసి ఉంటాయి. సముద్రం కుదరని వానాకాలంలో ఈ ముక్క కొట్టేయండి. ఫోర్ట్‌లోని పాత పార్సీ హోటల్ బ్రిటానియాలో బెర్రీ పులావ్ తినాలనుకుంటే అది మధ్యాహ్నమే, రాత్రికి ఉండదు. తెరిచే రోజులు చూసుకుని వెళ్లండి. లోకల్ రైలు సరదా తీర్చుకోవాలంటే, ఆదివారం మరమ్మతుల కోసం మెగా బ్లాక్ (కొన్ని లైన్లలో రైళ్లు ఆపేయడం) ఉంటుందని మర్చిపోవద్దు. రద్దీ వేళ సూట్‌కేసుతో మాత్రం ఎక్కకండి.

10. తిరుగు ప్రయాణం, సీసాలు

టికెట్ మీద విమానాశ్రయం పేరు రెండుసార్లు చదవండి. 2025 డిసెంబరు నుంచి నవీ ముంబై విమానాశ్రయం కూడా నడుస్తోంది. శాంతాక్రజ్‌లోని పాత విమానాశ్రయానికి వెళ్లి, "మీది అక్కడ సార్" అనిపించుకుంటే ఆ ఫ్లైట్ ఇక అందదు. పాత విమానాశ్రయానికైతే దక్షిణ ముంబై నుంచి భూగర్భ మెట్రో ఆక్వా లైన్ ఉంది, ట్రాఫిక్ టెన్షన్ లేదు. రైలుకైతే హైదరాబాద్ వాళ్లకి సీఎస్‌ఎంటీ నుంచి రాత్రి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్, విజయవాడ, విశాఖ వైపు మధ్యాహ్నమే బయలుదేరే కోణార్క్ ఎక్స్‌ప్రెస్.

సీసాలు తెచ్చుకోవచ్చా? ఇది అందరూ అడిగేదే. విమానం చెకిన్ బ్యాగులో పెట్టనిస్తుంది. అడ్డు పడేది ఇక్కడి ఎక్సైజ్. బయటి రాష్ట్రంలో కొన్న మద్యం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇక్కడి పన్ను కట్టనిదే. గోవా నుంచి వచ్చే రైళ్లు, ఫ్లైట్ల దగ్గర ఎక్సైజ్‌వాళ్లు తనిఖీలు చేసి సీసాలు పట్టుకున్న వార్తలు మీరూ చదివే ఉంటారు. నేనైతే తేను. నచ్చినదాని సీసా లేబుల్‌కి ఫోటో తీసుకుంటాను. సులా లాంటి పేర్లు హైదరాబాద్ షాపుల్లోనే దొరుకుతాయి.

బ్యాగు సర్దేటప్పుడు ఇవి చూసుకోండి:

- స్వెటర్ (డిసెంబరు, జనవరి రాత్రుల్లో నాసిక్‌లో 10 డిగ్రీల కిందకి పడుతుంది)
- ముంబైకి పల్చటి బట్టలు
- మట్టిలో నడవడానికి బూట్లు, హీల్స్ వద్దు
- అందరి ఆధార్ కార్డులు
- వైనరీ, డిన్నర్ బుకింగ్‌ల స్క్రీన్‌షాట్లు, తోటల దగ్గర సిగ్నల్ పోయినా పనికొస్తాయి
- డ్రైవర్ నంబరు, ఇద్దరి ఫోన్లలో